వెండి పది రూపాయల పుణ్యం

దొరకని సరుకును పోగేసి దాచుకునే వ్యాపారిని తిట్టకండి. వీలైతే ఓ పూలదండ తెచ్చి మెళ్ళో వెయ్యండి. ఈ రోజుల్లో జనం కోసం నిజంగా ఒళ్ళు వంచి కష్టపడుతున్నవాడు ఎవడైనా ఉంటే అతనే!

కోపం వచ్చిందా? వస్తుంది. కాసిని మంచినీళ్ళు తాగి, ఫ్యాను కింద కూర్చుని తీరిగ్గా ఆలోచించండి.

స్వాతంత్ర్యం వచ్చి పాతికేళ్ళయిందని ప్రభుత్వంవారు వెండి కలిపిన పది రూపాయల నాణెం వేశారు గదా. మన విజయవాడ వన్ టౌన్‌లో ఒకానొక బ్యాంకుకు కొన్ని సంచులు వచ్చాయి. పది రూపాయల నోటిస్తే ఒక నాణెం. మనిషికి ఒకటే. "ఇంటికొకటి చేరాలన్నది మా ఆశయం" అని మేనేజరుగారు కౌంటరు ముందు నిలబడి చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చారు.

ఇంటికొకటి చేరితే ఏమవుతుందో ఆ మేనేజరుగారు ఆలోచించారా? ఇంటాయన దాన్ని జేబులో వేసుకుంటాడు. సాయంత్రానికి కందిపప్పు కొంటాడు. కిరాణా కొట్టువాడు గల్లాపెట్టెలో పడేస్తాడు. నెల తిరిగేసరికి మూడు సింహాల మూతులూ అరిగి మూడు పిల్లుల్లా తయారవుతాయి. అలా కాకుండా ఒక్క పెద్దమనిషి ఊళ్ళో ఉన్న నాణేలన్నీ తెచ్చి, ఒక్కొక్కటీ పల్చటి కాగితంలో చుట్టి, డబ్బాలో పెట్టి మూత బిగించాడనుకోండి. గాలి తగలదు, చెమట తగలదు, జనం తగలరు. నాణెం పదికాలాల పాటు చల్లగా ఉంటుంది.

అలాంటి పెద్దమనుషుల్లో ముందు చెప్పుకోవలసినవాడు గుణదల బసవపున్నయ్య.

బసవపున్నయ్యకు ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల షాపుంది. పొలాలు అన్నగారికి కౌలుకిచ్చి, దివిసీమ నుంచి వచ్చి బస్తీలో పైకొచ్చినవాడు. ఆ పైకి రావడం వెనక ఒక విద్య ఉంది. లారీ మధ్యదారిలో ఆగిపోయి, డ్రైవరు నూనె చేతులతో పరుగెత్తుకొచ్చి బేరింగు అడుగుతాడు. బసవపున్నయ్య ఆ బేరింగుల పెట్టె మీదే కూర్చుని "స్టాకు లేదండీ, మద్రాసు నుంచి రావాలి" అంటాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన ముఖంలో కనిపించే జాలి మరొకరికి రాదు. సాయంత్రం అదే డ్రైవరుకు అదే బేరింగు "మీ కోసం ఎవరినో బతిమాలి తెప్పించాను" అని రెట్టింపుకు ఇస్తాడు. డ్రైవరు దణ్ణం పెట్టి మరీ పట్టుకుపోతాడు. బేరింగుల్లో ఇంత తృప్తి ఉంటే వెండిలో ఎంతుంటుందో మీరే ఊహించండి.

అప్పుడే మద్రాసు నుంచి ఒక నాణేల వ్యాపారి కబురు పంపాడు. శనివారం పొద్దున మెయిల్లో దిగుతాడట. బెజవాడలో ఎవరి దగ్గర ఎక్కువ సరుకు కనిపిస్తే వాళ్ళకే కృష్ణా డెల్టా మొత్తానికి ఏజెన్సీ ఇస్తాడట. ఇకముందు వచ్చే వెండి నాణెం ప్రతిదీ ఆ ఏజెంటు చేతుల మీదుగానే నడవాలట.

ఏజెన్సీ అనే మాట వినగానే బసవపున్నయ్యకు ఆకలి చచ్చిపోయింది. షాపు ముందు ఎక్కడ బోర్డు కట్టాలో, అక్షరాలు ఎరుపులో ఉండాలో నీలంలో ఉండాలో అన్నది తప్ప మరో ధ్యాస లేదు. ఆయన ఆశంతా ఆ శనివారం మీదే పెట్టుకున్నాడు.

అయితే మనిషికొకటే అన్నారు గదా? అక్కడే ఉంది ఈ వ్యాపారం దేశానికి చేసే మేలు. నాణేలు కావాలంటే మనుషులు కావాలి. మనుషుల కోసం బసవపున్నయ్య ఆస్తి పంపకాల్లో మాటలు మానేసిన బావమరిదింటికి తనంతట తానే వెళ్ళి, వాళ్ళావిడ చేతి కాఫీ తాగి, క్షేమసమాచారాలు అడిగి, ఇంటిల్లిపాదినీ తీసుకెళ్ళి లైన్లో నిలబెట్టాడు. పెద్దమనుషులు పదిసార్లు కూర్చుని కలపలేని కుటుంబాన్ని ఒక బ్యాంకు లైను కలిపింది. ఇది పుణ్యం కాదా?

బంధువులు అయిపోయాక బజారు మీద పడ్డాడు. బందరు నుంచి పొద్దున్నే రైల్లో చేపల బుట్టలతో వచ్చే ఆడవాళ్ళలో సన్యాసమ్మ అనే ఆవిడ నోరున్న మనిషి. ఆమెను పట్టుకుంటే వెనక పదిమంది వచ్చారు. నాణేనికిచ్చే పది నోటు ఆయనదే, ఆ పైన తలకు నాలుగిడ్లీలు, ఒక కాఫీ, ఒక రూపాయి. బ్యాంకు గుమ్మం ఎలా ఉంటుందో ఎరగని ఆడవాళ్ళు పంకాల కింద నిలబడి, గాజు కిటికీ అవతల గుమాస్తాను "ఏం బాబూ, ఆలీసెం దేనికి?" అని అడిగే స్థాయికి వచ్చారు. జనానికి బ్యాంకులు అలవాటు చెయ్యాలని ఢిల్లీలో పెద్దలు ఎంత తాపత్రయపడ్డా కాని పనిని నాలుగిడ్లీలు చేసి చూపించాయి.

కాని ఏ మంచి పనికైనా పోటీ తప్పదు. బసవపున్నయ్యకు పోటీ పేరయ్య. పేరయ్య చేపల కమీషను వ్యాపారి. కొల్లేటి నుంచి, సముద్రం మీద నుంచి వచ్చే సరుకును తెల్లవారకముందే వేలంపాట పెట్టి అమ్మేస్తాడు. ఆటోనగర్‌లో షట్టరు పైకి లేచేది తొమ్మిదింటికి. చేపల మార్కెట్టులో ఆ వేళకు పని అయిపోయి చేతులు కడుక్కుంటారు. దాంతో బసవపున్నయ్య మనుషులు చేరేసరికి పేరయ్య మనుషులు బ్యాంకు మెట్ల మీద కూర్చుని ఓ కునుకు కూడా తీసి లేస్తున్నారు. ఇక బసవపున్నయ్య కూడా కోడి కూయకముందే లేవడం మొదలుపెట్టాడు. ఆయన పొట్ట తగ్గింది, ఆయాసం తగ్గింది. డాక్టరు చెప్పినా వినని మాట పేరయ్య చెప్పకుండానే విన్నాడు.

మధ్యలో రామకోటేశ్వరరావుగారని ఒకాయన సంగతి చెప్పాలి. బసవపున్నయ్య పక్కింట్లోనే ఉంటారు, ఇన్సూరెన్సు ఆఫీసరు. ఆయనకు నాణేల పిచ్చి. అమ్మరు, కొనరు, ఆల్బమ్‌లో పెట్టుకుని ఆదివారాలు చూసుకుంటారు. నాణేన్ని వేళ్ళతో ముట్టుకోరు, సిల్కు గుడ్డతో అంచులు పట్టుకుంటారు. ఆఫీసుకు సెలవు పెట్టి, గొడుగేసుకుని, న్యాయంగా లైన్లో నిలబడ్డ మనిషి ఊరు మొత్తం మీద ఈయనొక్కరే. అందుకే ఈయనకు దొరకలేదు.

ఒకరోజు గోడ మీంచి తల పెట్టి, "పున్నయ్యగారూ, మీ దగ్గర ఒక్కటేమైనా ఉంటుందా అండీ? మీరెంతంటే అంత" అన్నారు.

"అయ్యో, స్టాకు లేదండీ" అన్నాడు బసవపున్నయ్య, జాలిగా. అప్పటికి షాపులో పెద్ద పాలడబ్బా దాదాపు నిండిపోయింది.

ఇది తప్పా? తప్పెలా అవుతుంది? చేతికందిన వస్తువును మనిషి రెండ్రోజుల్లో మర్చిపోతాడు. అందనిదాన్ని ఏళ్ళ తరబడి ప్రేమిస్తాడు. రామకోటేశ్వరరావుగారి ప్రేమను బసవపున్నయ్య కాపాడుతున్నాడన్నమాట.

గురువారం సాయంత్రానికి డబ్బా నిండింది. లెక్క ప్రకారం పేరయ్య కంటే నాలుగు ఎక్కువే. బసవపున్నయ్య దాన్ని స్కూటరు ముందు నిలబెట్టుకుని, పసిపిల్లను తెచ్చినట్టు నెమ్మదిగా ఇంటికి తెచ్చాడు.

షాపులో ఆయనకొక ఆనవాయితీ ఉంది. కొత్త సరుకు ఏదొచ్చినా, గేరు పెట్టెలైనా, ఫ్యాను బెల్టులైనా, ముందు లక్ష్మీదేవి పటం దగ్గర పెట్టి కుంకం బొట్టు పెట్టాకే బీరువాకు ఎక్కించాలి. ఇంకో ఆనవాయితీ కూడా ఉంది. బేరం తెగేదాకా ఇంట్లో ఆడవాళ్ళతో చెప్పకూడదు. ఆటోనగర్‌లో ఎవరినడిగినా ఈ రెండూ చెబుతారు. బసవపున్నయ్య రెండూ పాటించాడు. పాలడబ్బాను ఇంట్లో దేవుడి గూటిలో, లక్ష్మీదేవి పటం కిందనే పెట్టాడు. మూత తీసి, పైన ఉన్న నాణెం కాగితం విప్పి దానికి కుంకం బొట్టు పెట్టి, కళ్ళకద్దుకుని, ఎవరికీ ఏమీ చెప్పకుండా పడుకున్నాడు.

మర్నాడు వరలక్ష్మీ వ్రతం.

ఆయన భార్య వెంకటరత్నమ్మకు ఆ వ్రతం మీద ఒక దిగులుంది. కిందటేడు వీధి చివర మిల్లువారింట్లో పేరంటానికి వెళ్తే వాయనంలో ఒక్కొక్కరికీ వెండి పూత కుంకుమభరిణె ఇచ్చారు. తనింట్లో నానబెట్టిన శనగలు, రెండు అరటిపళ్ళు, తాంబూలం. ఎవరూ ఏమీ అనలేదు. అయినా వెంకటరత్నమ్మకు ఏడాది పొడుగునా ఆ భరిణె గుర్తొస్తూనే ఉంది. ఆషాఢంలో ఒకసారి, "ఈసారి మనమూ ఏదైనా మంచిది ఇద్దామండీ" అంది. బేరింగుల ధ్యాసలో ఉన్న బసవపున్నయ్య "చూద్దాంలే" అన్నాడు.

శుక్రవారం తెల్లవారగానే తలంటుకుని దేవుడి గూడు తెరిచింది. లక్ష్మీదేవి పటం కింద డబ్బా. డబ్బా నిండా వెండి నాణేలు. పైన నాణేనికి బొట్టు. అప్పటికే బసవపున్నయ్య అలవాటు కొద్దీ కోడి కూయకముందే లేచి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు మీరే చెప్పండి. వ్రతం నాటి పొద్దున, మొగుడు నోరు మెదపకుండా దేవుడి దగ్గర వెండి నాణేలు బొట్టు పెట్టి మరీ ఉంచి వెళ్తే ఏ ఇల్లాలైనా ఏమనుకుంటుంది? మద్రాసు మెయిలు గుర్తొస్తుందా? వెంకటరత్నమ్మ పట్టుచీర కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "చూద్దాంలే" అన్న మనిషి ఇంత చూశాడని ఆమె కలలో కూడా అనుకోలేదు.

తరవాత పనులు చకచకా జరిగిపోయాయి. నాణేలు కాగితాల్లో ఉండి కాస్త మాసినట్టున్నాయని చింతపండు పెట్టి, ముగ్గుపిండితో మెరిసేదాకా తోమింది. ఒక్కొక్కదానికీ పసుపు రాసి కుంకం పెట్టింది. మామూలుగా పిలిచే పది ఇళ్ళకు బదులు వీధి వీధంతా పిలిచింది.

సాయంత్రం షాపు త్వరగా కట్టేసి వచ్చిన బసవపున్నయ్యకు గుమ్మంలో చెప్పులు కనిపించాయి. మెట్ల నుంచి గేటు దాకా, గేటు నుంచి రోడ్డు దాకా చెప్పులే. పేరంటం ఇంత పెద్దదెందుకయిందా అనుకుంటూ లోపలికి తొంగి చూశాడు. హాల్లో జంపఖానా మీద వరసగా ఆడవాళ్ళు. వెంకటరత్నమ్మ ఒక్కొక్కరి కాళ్ళకూ పసుపు రాసి, కొంగులో శనగలు పోసి, పళ్ళు పెట్టి, ఆ పైన పచ్చగా గుండ్రంగా ఉన్నదేదో ఉంచుతోంది.

ఆ గుండ్రంగా ఉన్నదేమిటో తెలియగానే బసవపున్నయ్య చెప్పులతోనే లోపలికి అడుగేశాడు.

"అదుగో, వచ్చారు" అంది మిల్లుగలావిడ. "మీ మనసు ఎంత పెద్దదండీ పున్నయ్యగారూ. మావారూ ఉన్నారు, ఎందుకూ?"

ఆ మాటకు హాలంతా ఆయన వంక తిరిగి చూసింది. బసవపున్నయ్య అందరికీ కలిపి ఒక నమస్కారం పెట్టాడు. వాయనం ఒకసారి కొంగులో పడ్డాక వెనక్కి అడిగినవాడు కృష్ణాజిల్లాలో ఇంతవరకు పుట్టలేదు. పుట్టినా ఆ పూట ఆ హాల్లోంచి ప్రాణాలతో బయటపడడు.

"కాళ్ళు కడుక్కుని రండి. ఇంకా రెండున్నాయి, మరో ఇద్దరు ముత్తయిదువలు దొరికితే బాగుణ్ణు" అంది వెంకటరత్నమ్మ, నవ్వుతూ.

రెండు! బసవపున్నయ్య ఆ రెంటినైనా దక్కించుకుందామని డబ్బా వైపు అడుగేశాడు. సరిగ్గా అప్పుడే సన్యాసమ్మ ఖాళీ బుట్ట చంకన పెట్టుకుని, సోమవారం మళ్ళీ లైనుందా లేదా కనుక్కుందామని పెరటి గుమ్మంలోకి వచ్చింది. శుక్రవారం పూట గుమ్మంలోకొచ్చిన ఆడమనిషి లక్ష్మీదేవే గదా. వెంకటరత్నమ్మ ఆమెను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి జంపఖానా మీద కూర్చోబెట్టి, కాళ్ళకు పసుపు రాసి, వాయనం ఇచ్చింది. సన్యాసమ్మ కొంగు విప్పి చూసుకుని, బసవపున్నయ్య వంక చూసి, మళ్ళీ కొంగులోకి చూసుకుంది.

"అయ్యగోరు ధర్మాత్ములమ్మా" అంది. "నిలబెట్టి తీసుకున్నారు, కూకోబెట్టి ఇచ్చారు."

ఆఖరిది, మేరీమాత కొండకు వెళ్ళి వస్తున్న, ఆ వీధిలోనే ఉండే దానమ్మగారిని రోడ్డు మీంచి పిలిచి మరీ ఇచ్చింది. బొట్టు పెట్టలేదు, శనగలూ నాణెమూ ఇచ్చింది. దానమ్మగారు ఇంటివారందరి కోసమూ ప్రార్థన చేస్తానని చెప్పి వెళ్ళింది. ఆ ప్రార్థన అత్యవసరంగా ఎవరికి కావాలో ఆమెకు తెలియదు.

అందరూ వెళ్ళాక బసవపున్నయ్యకు ఏడుపొచ్చింది. నిజంగానే వచ్చింది. ఏజెన్సీ బోర్డు, ఎర్ర అక్షరాలు, కోడి కూయకముందే లేచిన కష్టం, అన్నీ శనగలతో పాటు కొంగుల్లో పడి వెళ్ళిపోయాయి. భార్యను నాలుగు దులుపుదామని వంటింట్లోకి వెళ్ళాడు. ఆమె ముఖం చూశాడు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆ ముఖం అంత సంతోషంగా ఎన్నడూ చూడలేదు.

"అసలు మనకొకటి ఉంచావా?" అని మాత్రం అడిగాడు.

"ఇచ్చే చేత్తో ఉంచుకుంటారటండీ?" అందామె. "కాని పక్క వీధివాళ్ళకు చాల్లేదు. వచ్చే ఏటికి ఇంకో డబ్బా తేవాలి."

తెస్తానన్నాడు. ఇంకేమంటాడు?

మనసాగక పక్కింటికి వెళ్ళాడు. రామకోటేశ్వరరావుగారు ఆల్బమ్ ఒళ్ళో పెట్టుకుని, ఖాళీ గడిని చూస్తూ కూర్చున్నారు.

"మీ ఆవిడకొచ్చిన వాయనం..." అని మొదలుపెట్టాడు బసవపున్నయ్య. "మీరెంతంటే అంతిస్తానండీ."

"నేనేమంటానండీ? నేనింకా దాన్ని చూడందే" అన్నారాయన దీనంగా. "తెచ్చి దేవుడి దగ్గర పెట్టేసింది. రేపు ఉద్వాసన చెప్పేదాకా ముట్టుకోవద్దంది. చింతపండుతో తోమారట గదా, నిజమేనా?"

నిజమేనన్నాడు బసవపున్నయ్య. రామకోటేశ్వరరావుగారు ఆల్బమ్ మూసేశారు. ఒకరికి నాణెం పోయింది, ఒకరికి ఆ తోముడుతో దాని టంకశాల మెరుగు పోయింది. పాపం, ఇద్దరిలో ఎవరిది పెద్ద దుఃఖమో చెప్పడం కష్టం.

శనివారం మద్రాసు పెద్దమనిషి దిగాడు. ఐసు పెట్టెలో భద్రంగా దాచిన పేరయ్య నాణేలు చూసి మురిసిపోయి ఏజెన్సీ అక్కడికక్కడే రాసిచ్చాడు. పేరయ్య ఇంట్లో ఆ విషయం అందరికీ ముందే తెలుసు. ఆడవాళ్ళకు చెప్పకూడదనే ఆనవాయితీ చేపల మార్కెట్టులో లేదు, అక్కడ పాట పాడేదే ఆడవాళ్ళు.

సోమవారం బసవపున్నయ్య తనింటికి ఒక్క నాణెమైనా తెచ్చుకుందామని వన్ టౌన్ వెళ్ళాడు. ఈసారి తనే లైన్లో నిలబడ్డాడు. జీవితంలో మొదటిసారి! ముందున్నవాళ్ళంతా తనకు తెలిసినవాళ్ళే, మొన్నటిదాకా తన ఇడ్లీలు తిన్నవాళ్ళే. ఇప్పుడు పేరయ్య ఇడ్లీతో పాటు వడ కూడా పెడుతున్నాడట. నెత్తిన ఎండ, ముందు చెమట, వెనక తోపుడు. కౌంటరు దగ్గరికి చేరేసరికి గుమాస్తా కిటికీ మూస్తూ, "స్టాకు లేదండీ" అన్నాడు. ముఖంలో జాలి కూడా లేదు.

అప్పుడు బసవపున్నయ్య వెనక్కి తిరిగి బ్యాంకు మెట్ల మీద నిలబడి ఒక ఉపన్యాసం ఇచ్చాడు. ఇంటికొకటి చేరాల్సిన సొత్తును నలుగురు మింగేస్తున్నారన్నాడు. బ్లాకు వ్యాపారుల్ని నడిబజార్లో నిలబెట్టాలన్నాడు. సామాన్యుడికి ఈ దేశంలో దిక్కెవరని అడిగాడు. లైన్లో ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఎవరో సోడా కొట్టించి ఇచ్చారు. అంత నిక్కమైన ఆవేదనతో మాట్లాడిన మనిషిని వన్ టౌన్ ఇటీవల చూడలేదు. చూశారా మరి, ఒక్క పూట లైను ఎంతటి దేశభక్తుణ్ణి తయారుచేసిందో?

ఇంతకూ లెక్క చూద్దాం. బ్యాంకువారు సంచులకు సంచులు పంచారు. మేనేజరుగారు ఆశయం చెప్పారు. పోలీసు జవాను లైను సరిచేశాడు. మనిషికొకటే అన్న నిబంధన గోడ మీద అంటించారు. అన్నీ జరిగాక నాణేలు చేరింది ఇద్దరు ముగ్గురి డబ్బాల్లోకి. ఏ నిబంధనా తెలియని ఒక ఇల్లాలు, పొరపాటున, శనగలతో కలిపి పంచితే మాత్రం గుణదలలో వీధి వీధంతటికీ, ఇంటికొకటి చొప్పున, కూర్చోబెట్టి, బొట్టుపెట్టి, ఒక్క తోపుడు లేకుండా చేరాయి.

కాబట్టి దాచుకునేవాళ్ళను తిట్టకండి. దాచనివ్వండి. వాళ్ళకు తోచినంత దాచనివ్వండి. మన ఇంట్లో పంచదార డబ్బా అడుగంటి, పిల్లలు చప్పటి పాలు తాగుతున్నారు. కిరసనాయిలు లైన్లో క్యాన్లు మనకంటే ముందు నిలబడి వరసలో నిద్రపోతున్నాయి. ఎవరో ఎక్కడో చల్లని గోడౌన్లలో, గాలి తగలకుండా, మన కోసమే అన్నీ భద్రపరుస్తున్నారు. వాళ్ళను పట్టుకోవడం ప్రభుత్వంవారికి చేతకాదని పాతికేళ్ళలో తేలిపోయింది. అంత కష్టం వాళ్ళకూ వద్దు, మనకూ వద్దు. ఆ గోడౌన్ల తాళంచెవుల గుత్తి ఒక్క శ్రావణ శుక్రవారం నాడు వెంకటరత్నమ్మగారి చేతిలో పెడితే చాలు.